కరెంటు కొలిమి కాడ తీసిన ఉంగురం

పూణె

బాపుకు, అవ్వకు పెద్దకొడుకు నర్సింహాచారి కాళ్లు మొక్కి రాసేది. నా పానం మంచిగనే ఉంది, రంది పడకుండ్రి. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నంగునూరుల వానలు పడ్డయా? తమ్ముడు సత్తెం ఎట్లున్నడు? వాని ఉత్తరం రాక నెలన్నరాయె.

బాపు, నన్ను కొత్త మిషిను మీద ఏసిన్రు. లారీ ఇరుసులను గట్టిపరిచే పని. నువ్వు నమ్మవు గని ఇది కరెంటు కొలిమి. బొగ్గు లేదు, తిత్తి లేదు, పొగ లేదు. రాగిగొట్టం చుట్టలు చుట్టి ఉంటది. దాని నడుమ ఇరుసు పెట్టి మీట నొక్కితే పది లెక్కపెట్టేలోపు ఎర్రగైతది. ఎంటనే నీళ్లు చిమ్ముతయి. పైపొర గట్టిపడ్తది, లోపల మెత్తగనే ఉంటది. నువ్వు కాలిన కొడవలిని తొట్టిల ముంచినట్టే. రంగు చూసి వేడి చెప్తున్నవని మేస్త్రి మెచ్చుకుండు. అది నీ చలవే.

ఒక తప్పు చేసిన, తిట్టకు. మిషిను కాడ ఒంటి మీద ఇనుము, వెండి ఏదీ ఉండొద్దని మేస్త్రి మొదటిరోజే చెప్పిండు. ఉంగురం మాత్రం తీయలే. నేను బయలెల్లేనాడు అరిగిన నాగలి కర్రుతోని నాకొకటి, తమ్మునికొకటి కొట్టిచ్చి, "ఒక్క ఇనుము బిడ్డా, తీయకుండ్రి, ఒకరికొకరు కావలుంటరు" అంటివి కదా. కొలిమి కాడ పుట్టినోన్ని, నిప్పు కనబడితేనే భయపడుడు నేర్చిన. నిప్పే లేనికాడ భయమేందనుకున్న. పోయిన సోమారం మీట నొక్కినంక ఇరుసు ఒరిగిందని సదరబోయిన. ఇరుసుతో పాటు ఏలి మీది ఉంగురం కూడ కాగింది. సబ్బునీళ్లు పోసి గుంజిన్రు. బొబ్బ పొక్కింది, అంతే. మానుతది, రంది పడకుండ్రి.

తెల్లారి చాయ్ హోటలాయన పేపరు చదివి చెప్పిండు. రాష్ట్రం కోసం మన దిక్కు పోరగాండ్లు ఊరేగుతుంటే కాల్పులైనయట, కాలేజీలు బందైనయట. పేర్లు రాయలేదట. సిద్దిపేట కాలేజీల చదివేటోడు, మన సత్తెం ఇంట్ల కూసుంటడా? నేను ఉంగురం తీసుడు, ఈ కబురు వచ్చుడు. పిచ్చి అని తెలుసు, అయినా గుబులు పోతలేదు. ఊరేగింపులకు పోవద్దని వానికి చెప్పను. మన జాగల కొలువు దొరికితే నేనీడ ఎందుకుంట? ముందు వరుసల నిలబడొద్దని మాత్రం చెప్పు.

ఈడ అన్నీ రొట్టెలే. ఎవరన్న వస్తుంటే అవ్వ చేతి చింతకాయ తొక్కు పంపుండ్రి. నర్సమ్మత్తకు, మన వాడకట్టు పెద్దలకు దండాలు చెప్పుండ్రి. మీ దీవెన ఉంటే అన్నీ సక్కగయితయి.

బాపు, నీకు చదువు రాదు. నా ఉత్తరాలన్నీ సత్తెమే చదివి వినిపిస్తడు. ఇది కూడ వాడే చదువుతుంటే, ఒరే తమ్మీ, నవ్వకు, ఉంగురం నీ ఏలికే ఉందని ఒక్క ముక్క రాయి. వాడు కాక ఇంకెవరన్న చదువుతుంటే, అయ్యా, ఇక్కడికి ఆపుండ్రి. మా తమ్ముడు ఎక్కడున్నడో ముందు నాకు టెలిగ్రాం కొట్టుండ్రి.

మీ బిడ్డ,
నర్సింహాచారి