గోడకవతల అమ్మ

ఫ్లాండర్స్ తీరం,
సెయింట్ మార్టిన్ పండుగ మర్నాడు, 1214.

అక్క ఆల్డిత్‌కు,

తమ్ముడు ఓస్బర్న్ నమస్కరించి రాసేది. దేవుని దయవల్ల ప్రాణంతో ఉన్నాను. నువ్వూ, నీ బాతులూ క్షేమమని తలుస్తాను. ఇది నీకు చదివి వినిపించే ఫాదర్ హామోకి నా ఆశీస్సులు.

ఇక్కడ చలి మొదలైంది. మఠంలో రై రొట్టె, ఉప్పుచేప పెడతారు. కణుపులు వాచి వేళ్ళలో కలం నిలవడం లేదు. తోళ్ళు పదును చేసి చేసి నాన్న చేతులూ చివరికి ఇలాగే అయ్యాయి.

ఆ తోళ్ళ కంపుతోనే బడికి వెళ్ళేవాణ్ణి. వీడికి లాటిన్ వస్తే మన ఆవుకి కీర్తన వస్తుందని మేనమామ నవ్వేవాడు. రాజుగారి కచేరీలో రాతపని దొరికి, ఆయన మెప్పు పొంది బిషప్పునయ్యాను. నన్ను పీఠం మీద కూర్చోబెట్టిన రోజు అమ్మ ముందు వరసలోకి రాలేదు. నా బట్టలు కంపు కొడతాయిరా, ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నావులే అని స్తంభం పక్కనే నిలబడింది.

తర్వాత పోపుగారికీ రాజుగారికీ చెడింది. మన దేశంలో చర్చిలన్నీ మూయమని పోపుగారి ఆజ్ఞ. మూయకపోతే దేవుడికి దూరం, మూస్తే రాజుకి. నేను మూయించాను. గంటలు ఆగిపోయాయి. చనిపోయినవాళ్ళని ప్రార్థన లేకుండా చర్చి శ్మశానం గోడకవతల గుంతల్లో పూడ్చారు. రాజుగారి మనుషులు నా ధాన్యం ఎత్తుకుపోయి, గుర్రాల్ని తోలుకుపోతే చేపల పడవలో సముద్రం దాటాను.

ఆ మరుసటి చలికాలం అమ్మ పోయింది. బిషప్పు నీ కొడుకే కదే, నీ ఒక్కదానికైనా చర్చి తలుపు తీయించమని కబురు పెట్టవే అని పొరుగింటి మేరియట్ అంటే, ఊరికి లేనిది నాకెందుకే అందట. నువ్వు రాయించిన ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు చర్చిలు తెరిచారు, వచ్చి అమ్మని పూడ్చిన ఆ నేలను పావనం చెయ్యరా, అమ్మకి ప్రార్థన చదవరా అంటున్నావు. అక్కడి బిషప్పుగా అది నేనే చేయాలి, నిజమే. కానీ రాజుగారి కోపం చల్లారలేదక్కా. తిరిగి రావడానికి అనుమతి రాలేదు. నా కోసం ఎదురుచూడకు.

నీ తమ్ముడు,
ఓస్బర్న్

తా.క.: అక్కా, అనుమతి రాలేదన్నది అబద్ధం. వేసవిలోనే వచ్చింది. రాజుగారిది ఒకటే షరతు: చర్చిలు మూయించడం నా తప్పేనని నా పీఠం ముందు నిలబడి అందరూ వినేలా చెప్పాలి. చెబితే అమ్మ దగ్గర మోకరిల్లవచ్చు. కానీ, మరి మా పిల్లల్ని గుంతల్లో ఎందుకు వేయించావయ్యా అని అక్కడున్నవాళ్ళలో ఒక్కరు అడిగినా నేనేం చెప్పను? తప్పు కాదని గట్టిగా అనే ధైర్యమూ ఇప్పుడు నాలో లేదు. నన్ను తీసుకెళ్ళడానికి ఓడ వచ్చింది. నేను ఎక్కలేదు. మళ్ళీ పిలవరు. అమ్మ ఆ గోడకవతలే ఉంటుంది.