జామ్‌లో కలపని మందు

యాంబల్, జూన్ 9

అమ్మా, నీకు నా ముద్దులు.

ఫోన్‌లో అయితే అబద్ధం చెప్పేస్తాను, అందుకే రాస్తున్నాను. మనవరాలు బోయానాకు జ్వరం తగ్గింది. నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. కోడలు వెనేతా నా చేతులు ముద్దు పెట్టుకుని, "అత్తయ్యా, మీరు పక్కన లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో!" అంది. మందు పారబోసింది ఆ చేతులతోనే.

పిల్లకు కుక్క మీది పిడుదు కుట్టింది. చెవి వెనక నల్లటి పొక్కు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. డాక్టర్ త్సాంకోవా డాక్సీసైక్లిన్ రాసింది. కొడుకూ కోడలూ పనికి వెళతారు కాబట్టి మాత్ర నలిపి చెర్రీ జామ్‌లో కలిపి పెట్టే పని నాది. పెట్టెలోని కాగితంలో ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు వాడరాదని ఉంది. మన పిల్లకు ఐదేళ్ళు. అది టెట్రాసైక్లిన్ జాతి మందేనని నాకు తెలుసు. పొడిని తూములో పోసి ఉత్త జామ్ పెట్టాను. రెండు రోజులు. అడిగితే మందు ఇచ్చాననే చెప్పాను.

నా నోట్లో ఇన్నేళ్ళుగా ఏముందో నీకు తెలియదా? బూడిద రంగు పళ్ళు, వాటి మీద గోధుమరంగు చారలు. బళ్ళో నన్ను "తుప్పు" అని పిలిచేవారు. పెళ్ళి ఫోటోలో పెదాలు బిగించి నిలబడ్డాను. పొద్దున్నే అద్దం చూస్తే నా మీద నాకే రోత. ఊరి ఆరోగ్య కేంద్రంలో తెల్లకోటు వేసుకుని చిన్నప్పుడు నాకు టెట్రాసైక్లిన్ తాగించి పళ్ళు ఇలా చేసింది నువ్వే.

మూడో రోజు పిల్ల అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు. నన్ను గుర్తుపట్టలేదు. ఆసుపత్రిలో డాక్టరు, "ఈ మందుకు లొంగలేదంటే ఇది వేరే జబ్బు" అని వెన్నులోంచి నీరు తీయడానికి సిద్ధమైంది. అప్పుడు ఆవిడ ఒక్కదానికే చెప్పాను. చెప్పుకు అంటిన మురికిని చూసినట్టు చూసింది.

"మీ కాలం మందు వేరు పెద్దమ్మా, ఇది వేరు. నాలుగు రోజులు వాడితే పళ్ళకేం కాదు. వాడకపోతే పిల్లే దక్కదు. అనుమానముంటే నన్నడగాల్సింది, నోరు లేదా?"

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పను. నువ్వు మాత్రం నాకేం చెప్పావు?

నీ దాఫినా

జూన్ 14

దాఫినా,

చూపు ఆనడం లేదు, వంకర రాతే చదువుకో.

అప్పుడు నీకొచ్చింది పెద్ద జబ్బేం కాదు, ఉత్త దగ్గు. దగ్గిన ప్రతిసారీ అదే మందు పోశాను. అంత గొప్ప మందు నా అలమారలో ఉందని నాకు పొగరు. కొన్నేళ్ళకు, చిన్నపిల్లలకు ఇవ్వొద్దని పైనుంచి కాగితం వచ్చింది. చదివి పొయ్యిలో పెట్టాను. అప్పటికే ఊళ్ళో పదకొండు మంది పిల్లల పళ్ళు నీ పళ్ళలాగే ఉన్నాయి. వాళ్ళ తల్లులు వచ్చి అడిగితే బావి నీళ్ళ వల్లనని చెప్పాను. నమ్మారు. నాకు గుడ్లూ వెన్నా తెచ్చిపెట్టేవారు. సిగ్గులేకుండా తిన్నాను.

వెనేతా చేత ముద్దులు పెట్టించుకోకు. నెలాఖరు ఆదివారం బస్సుకు వస్తున్నాను. అప్పటికి చెప్పకపోతే నీదీ నాదీ కలిపి నేనే చెబుతాను.

మీ అమ్మ, రాద్కా

జూన్ 19

అమ్మా,

నువ్వు చెప్పాల్సిన పని లేకుండా చేశాను. నిన్న వెనేతా బానిత్సా జున్ను రొట్టెకు పిండి కలుపుతుంటే అంతా చెప్పేశాను. విన్నది. పిండి చేతులు కడుక్కుంది. ఎంతసేపు కడుక్కుందో!

"నా బిడ్డ నోట్లో మీ చేత్తో ఇంకెప్పుడూ ఏదీ పెట్టకండి. మంచినీళ్ళయినా సరే" అంది. పక్కనే ఉన్న నా కొడుకు తలెత్తలేదు. సరేనన్నాను.

ఇవాళ పొద్దున బోయానా సూప్ గిన్నె తెచ్చి, చెంచా నా చేతికిచ్చి, పక్షిపిల్లలా నోరు తెరిచింది. "అమ్మ వచ్చి పెడుతుందిలే, బంగారం" అని చెంచా బల్ల మీద పెట్టేశాను. పిల్ల నోరు తెరుచుకునే కూర్చుంది.

నీ దాఫినా