ఊరంతా నా నోటితోనే

ఏవండీ,

మాట మధ్యలో మీరు వెళ్ళి స్నానాలగది తలుపేసుకున్నారు కాబట్టి మిగతాది రాసిపెట్టి షాపుకి వెళ్తున్నాను. కూర వేడి చేసుకోండి. వాన రాకముందే దండెం మీది బట్టలు తీయండి.

మీరూ అమ్మాయీ అన్నదే నిజం. నా కుట్టు షాపు గురించి ఇంటర్నెట్‌లో ఉన్న ఐదు స్టార్ల పొగడ్తలన్నీ నేనే రాసుకున్నాను, ఒక్కోదానికీ ఒక దొంగ ఈమెయిలు తెరిచి. టీచరునయ్యాను, నర్సునయ్యాను, ఓసారి మీసాలాయన్ని కూడా అయ్యాను. ఎవరినైతేనేం, అందరిచేతా "పొందిగ్గా కుట్టారు" అనిపించాను! "ఊరంతా నీ నోటితోనే మాట్లాడుతోందేంటమ్మా?" అని అమ్మాయి పడీపడీ నవ్వుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రేపు నిజం కస్టమరు మెచ్చుకున్నా ఎవరు నమ్ముతారని మీరడిగారు చూడండి, అది మాత్రం గుచ్చుకుంది.

కానీ ఒకటి నేను రాయలేదు. "కుట్టు పొందిగ్గా ఉంటుంది, మనిషికే నోరెక్కువ." మూడు స్టార్లు. మీరు కాదని ఒట్టేసినా నమ్మను. ఆ "పొందిగ్గా" అన్న మాట నా దగ్గర కాక ఇంకెక్కడ నేర్చుకున్నారు?

అత్తయ్యగారికీ అమ్మాయికీ ఇది చదివి వినిపించండి. నేను రాసినవన్నీ ఈ రోజే తీసేస్తున్నాను. మీది కూడా మీ చేత్తో మీరే తీసేయండి. ఇకమీదట మనింట్లోవాళ్ళెవరూ నా షాపు గురించి రాయకూడదు. పేజీ ఖాళీగా ఉంటే ఉండనీ.

అన్నట్టు, తీసేసే ముందు దాన్ని ఫోటో తీసి నాకు పంపండి. ఇన్నేళ్ళలో నా కుట్టు బాగుందని మీరన్నది అదొక్కసారే.