బీరువా అరలో పరిచిన కాగితం

చిన్నమ్మలూ, వెళ్ళేటప్పుడు గ్యాస్ కట్టేసి, తాళం పక్కింటి పిన్నిగారికి ఇవ్వు. హాస్టల్ సంచిలో దుప్పటి పెట్టాను, బరువని తీసి పారేయకు.

ఫ్రిజ్‌కి అంటించిన కాగితం ఫోటో తీసుకో. మనసుకి కష్టమొస్తే ఫోన్ చెయ్యమని మీ యూనివర్సిటీ వాళ్ళిచ్చిన నంబర్లు అవి. తల్లిదండ్రులూ చెయ్యొచ్చట. అక్క అక్కడ చేరిన రోజే నా చేతికిచ్చారు. కాగితం మందంగా ఉంది కదా అని, చదవకుండా బీరువాలో దాని బట్టల కింద పరిచాను. అక్క చనిపోయాక ఏడాదికి, అర సర్దుతుంటే బయటపడింది.

నంబరు పనిచేస్తుందో లేదోనని నిన్న చేశాను. రెండో రింగుకే ఒకావిడ ఎత్తి, "మీ అమ్మాయి ఏ ఇయర్ అండీ?" అంది. నువ్వింకా చేరనే లేదు, నా నోట అక్క ఇయరే, "థర్డ్ ఇయర్" అని వచ్చేసింది. "ఇప్పుడు క్షేమంగా ఉందా అమ్మా?" అంది. పెట్టేశాను.

నువ్వు మాత్రం మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి, వాళ్ళకైనా నాకైనా. ఫ్యాక్టరీలో మిషన్ల హోరులో వినబడదని ఫోను జాకెట్లోనే పెట్టుకుంటున్నా. సూపర్‌వైజరు గొణిగితే గొణగనీ.

అమ్మ

ఇంకోటి. పొద్దున్న ఆవిడే మళ్ళీ చేసి, అక్క ఎలా ఉందని అడిగింది. అలా అడిగేవాళ్ళు ఇన్నాళ్ళకి ఒకరు దొరికారు. లేదని చెప్పడానికి నోరు రాలేదే. బాగానే ఉందన్నాను.