మిరపకాయలు చెప్పిన తీర్పు

ఫిబ్రవరి 12, గురువారం

పొద్దున అమ్మ తిట్టలేదు, అదే ఆశ్చర్యం. పదిరోజులుగా నిద్ర పట్టడం లేదని, పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోందని చెబితే చివరిదాకా వింది. సాయంత్రం మిరప కల్లం నుంచి రాగానే గుప్పెడు ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి తగిలితే ఘాటు రాదట. మా కల్లంలో కాయకి ఘాటు రాకుండా ఉంటుందా? ఇంటిల్లిపాదీ దగ్గాం.

"చూశావా, దిష్టి లేదు, ఏం లేదు. నాటకాలాపి అన్నం తినవే!" అంది.

నాన్న కళ్లు తుడుచుకుంటూ తలూపాడు.

నాకున్నది దిగులు. దానికింత నిజమైన పేరు ఉండగా నాటకం అంటారా? తోటలో ఆకు ముడుచుకుంటే మాత్రం కవర్లో పెట్టుకుని ఏడింటి బస్సులో ఒంగోలు పరుగెత్తి వ్యవసాయ ఆఫీసరుకి చూపించుకొస్తాడే నాన్న!

రేపు పొద్దున అదే ఏడింటి బస్సులో నన్నూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటాను. కాదంటే ఒక్కదాన్నే ఎక్కుతాను.