దేవదారు కొసల మీద లైటు

సుగురూ,

ఉదయం బస్సుకి కుమానోలో అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రం మోటారు బండి మీద వచ్చి నన్ను తీసుకెళ్లు. వచ్చేటప్పుడు ఒక్కడివే కాబట్టి వెనక స్ప్రింగు బిగువు రెండో మెట్టు మీదే ఉంచు. నన్ను ఎక్కించుకునే ముందు నాలుగుకు బిగించు. పానా సీటు కింద పెట్టాను. అన్నం ముద్దలు పొయ్యి పక్కన ఉన్నాయి.

పోయినసారి టెంటు కట్టుకుని ఇద్దరం బయల్దేరినప్పుడు "నువ్వు దూదిపింజవి, స్ప్రింగుకు తెలియనే తెలియదు" అన్నావు. టెంటును మాత్రం కాటా మీద పెట్టి తూచావు. కొండదారిలో బండి వెనక్కి కుంగి, లైటు దేవదారు చెట్ల కొసల మీద పడింది. మలుపు కనిపించక లోయ అంచుదాకా పోయాం. నా బరువు యాభై ఎనిమిది కిలోలు. ఈసారి లెక్కలో వేసుకో.

చిజురు

సొరంగం దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అక్కడ ఆపి స్ప్రింగు రెండు మెట్లు వదులు చెయ్యి, లైటు మళ్లీ పైకి లేస్తుంది, మెల్లగా పోదాం. ఆ దేవదారు కొసలు కలలోకి వస్తున్నాయి. ఇంకోసారి చూడాలి.