బాడీల మీద నీ పేరు

అమ్మా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నేను కుట్టి అమ్మే, రవిక లోపల తొడిగే బాడీలకు నీ పేరే పెట్టినాను, ‘ఓబులమ్మ’ అని. "సచ్చిపోయినామె పేరు ఆడ పెడతావా మే? తీసెయ్" అని అత్త రోజూ పోరు. సిగ్గు మనది కాదని ఆడోళ్ల సంఘం కరపత్రాల్లో చదివిందంతా ఆమె మీద అరిచినాను. చంకలో చిన్నది జడుసుకుని ఏడ్చింది.

ఇద్దరు బిడ్డలతో, మిషనుతో, ఇంక అరిచే ఓపిక లేదు. ఉన్నవి అమ్మేసి పేరు మార్చేద్దామనే ఉరవకొండ సంతకు పోయినాను. బాడీ అనే మాట నోట రాక ఎప్పుడూ వేలు చూపించే ఆడోళ్లు, మొగోళ్ల ముందరే గట్టిగా అడిగినారు: "పాపా, రెండు ఓబులమ్మలు ఇయ్యి."

నువ్వుంటే నా వీపు పగలగొట్టేదానివి. అయినా నీ పేరు తియ్యనమ్మా.